ఎనభై మిల్లీమీటర్ల షాఫ్టు, మే నెల ఎండ

మా ఫ్యాక్టరీ చీమకుర్తిలో ఉంది. రామతీర్థం క్వారీల నుంచి వచ్చే గెలాక్సీ గ్రానైట్ దిమ్మెలను పలకలుగా కోసి, మెరుగు పెట్టి పంపుతాం. కోసేవాళ్లు వేరు, మెరుగు పెట్టేవాళ్లు వేరు. యంత్రం ఆగితే తిట్లు తినేది మాత్రం నేను. మెయింటెనెన్స్‌లో ఇరవై రెండేళ్లుగా తింటున్నాను.

పోయిన మే నెలలో ఒక షాఫ్టు, బేరింగ్ కూర్చునే చోట అరిగిపోయింది. వెల్డింగుతో నింపించి, బయట లేత్ షాపులో తిప్పించాం. ట్రాలీ ఆటోలో తెచ్చి షెడ్డు ముందు దింపి వెళ్లారు. అది అక్కడే ఎండలో గంటసేపు ఉంది. మా దగ్గర అప్రెంటిస్‌గా చేరిన పొదిలి కుర్రవాడిని కొలవమన్నాను. బేరింగ్ లోపలి కొలత 80 మిల్లీమీటర్లు. షాఫ్టుకు డ్రాయింగులో ఉన్న కొలత హద్దు గుర్తు కె6, అంటే 80.002 నుంచి 80.021 లోపల ఉండాలి. తలవెంట్రుక మందం కన్నా చాలా తక్కువ తేడా.

కుర్రవాడు ఆఫీసు గదిలోని డిజిటల్ మైక్రోమీటరు తెచ్చాడు. దాని ముఖాలు తుడిచాడు, సున్నా సరిచూశాడు, రాచెట్ తిప్పి మూడు చోట్ల, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిచాడు. నా చేతికింద పనిచేసిన పిల్లల్లో అంత పద్ధతిగా మైక్రోమీటరు పట్టినవాడు లేడు.

"80.015 సార్."

"సరే నాయనా, ఎక్కించండి" అన్నాను.

పదకొండో రోజు కాలిన వాసన వచ్చింది. బేరింగ్ లోపలి రింగు షాఫ్టు మీద పట్టు లేకుండా తిరిగి, ఆ చోటంతా నీలంగా మారింది. రెండు షిఫ్టులు పోయాయి. "ఐటీఐల్లో ఏమీ నేర్పడం లేదు" అని పై నుంచి తీర్పు కూడా వచ్చేసింది. నేనూ ఒంగోలులో రెండేళ్లు ఐటీఐ ఫిట్టర్ చదివినవాడినే కనుక ఆ మాట నాకూ తగిలింది.

ఆ రాత్రి కాగితం మీద లెక్క వేశాను. ఎండలో ఉన్న షాఫ్టు 55 డిగ్రీలు అనుకుందాం. ఏసీ గదిలోంచి వచ్చిన మైక్రోమీటరు 25. ఉక్కు ఒక్కో డిగ్రీకి మీటరుకు సుమారు 11.5 మైక్రాన్లు సాగుతుంది, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు. 80 మిల్లీమీటర్లకు, 30 డిగ్రీల తేడాకు దాదాపు 28 మైక్రాన్లు. కుర్రవాడు చూసిన 80.015 నిజానికి 79.987, అంటే బేరింగ్ లోపలి కొలత కన్నా తక్కువ, వదులు. పనిముట్టు, వస్తువు రెండూ కలిసి మాడితే ఇంత ముప్పు ఉండదు. ఒకటి నీడలో, ఇంకొకటి నిప్పుల్లో ఉంటేనే చిక్కు.

మర్నాడు వాడిని అడిగాను. "కొలతలకు ప్రామాణిక ఉష్ణోగ్రత ఎంత?"

"20 డిగ్రీలు సార్." తడుముకోలేదు.

తెలుసు! కంప్యూటర్ పరీక్షలో నాలుగు జవాబుల్లో సరైనది ఎంచుకోగలడు. కానీ 20 డిగ్రీలంటే ఏమిటో వాడి చేతికి ఎవరు చూపించారు? సంక్రాంతి తెల్లవారుజాముల్లో తప్ప ఒంగోలుకు ఆ అంకెతో పరిచయమే లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని అనుకునే ఊళ్లు మావి. ఇక్కడి పిల్లలకు ఎండలోంచి తెచ్చిన ముక్క ఒకటి, నీడలోది ఒకటి ఇచ్చి కొలిపిస్తే చాలదా? అరగంట పని.

తప్పెవరిదో తేల్చడానికి, ఏ సర్టిఫికెట్ ఏ స్థాయిదో, ఆ స్థాయివాడు ఏం చేయగలగాలో చెప్పే జాతీయ నైపుణ్య అర్హతల చట్రం తీసి చూశాను, 2013 డిసెంబరు 27న నోటిఫై చేసినది. ఇలాంటి పత్రాలంటే నాకు మొదటి నుంచీ చులకన. ఉద్యోగం లేనివాళ్లు రాస్తారు, ఉద్యోగం ఉన్నవాళ్లు చదవరు అనేవాడిని. ప్రతి స్థాయికీ అందులో ఐదు గడులు ఉన్నాయి, చివరిది బాధ్యత. కుర్రవాడి ఫిట్టర్ సర్టిఫికెట్ నాలుగో స్థాయి. అలవాటైన, ముందే ఊహించగల పరిస్థితుల్లో పనిచేయాలి, తన పనికి తాను బాధ్యుడు. ఐదో స్థాయికి వచ్చేసరికి ఒక ముక్క చేరింది: ఇతరుల పనికీ, ఇతరులు నేర్చుకోవడానికీ కొంత బాధ్యత.

మే నెల ఎండ ఊహించగలిగినదే. కానీ వాడు కొలతే చెప్పాడు, ఎక్కించమన్నది నేను. ఆ గడి రెండుసార్లు చదివి ఫోను పక్కన పెట్టాను. నివేదికలో కారణం దగ్గర నా పేరే రాశాను.

ఇప్పుడు స్టోర్సు మూలలో పోత ఇనుము సర్ఫేస్ ప్లేట్, అంటే కొలతలకు వాడే చదునైన దిమ్మె, ఒకటి వేయించాం. షాఫ్టు, మైక్రోమీటరు రాత్రంతా దాని మీద పక్కపక్కన పడుకుంటాయి. జూన్‌లో వచ్చిన షాఫ్టును కుర్రవాడు పొద్దున్నే కొలిచి, 12 మైక్రాన్లు తక్కువుందని నన్ను అడగకుండానే వెనక్కి పంపాడు. లేత్ మేస్త్రీ ఫోన్ చేసి పావుగంట తిట్టాడు. ఆ ఫోను ఎత్తింది నేను.