వెళ్ళేటప్పుడు ఆరున్నర, వచ్చేటప్పుడు గంటన్నర

బరంపురం, ఆదివారం

పొద్దుట్నుంచీ ముసురే. ఇలాంటి రోజున షాపులో టికెట్లు తక్కువ, అనుమానాలు ఎక్కువ. ఇవాళ్టి అనుమానం వైజాగ్–సింగపూర్ మీద. ఒక పెద్దాయన చేతిలో కాగితం: రాత్రి 11:00కి బయల్దేరితే తెల్లారి 5:30కి దిగుతుంది. తిరుగుదారిలో రాత్రి 8:30కి ఎక్కితే 10:00కే వైజాగ్. "ఏటి బాబూ, వచ్చినప్పుడు వేరే విమానమా?"

విమానమూ అదే, వేగమూ అదే. టికెట్టు మీద ఏ ఊరి టైము ఆ ఊరికే వేస్తారు. సింగపూర్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. రెండు ప్రయాణాలూ కలిపి సగం చేయాలి: 6:30, 1:30 కలిస్తే 8 గంటలు, సగం 4. అసలు ప్రయాణం అంతే. ఒకదాన్లోంచి ఒకటి తీసేసి సగం చేస్తే 2:30, అంటే గడియారాల తేడా.

ఆ నాలుగు గంటలకీ లెక్కుంది. నేరుగా గీత గీస్తే దూరం సుమారు 2,900 కి.మీ. ఎయిర్‌బస్ ఏ320 లాంటివి పైన గంటకి 830 కి.మీ. దరిదాపుల్లో పోతాయి, అంటే మూడున్నర గంటలు. విమానం రన్‌వే దాకా నేలమీద పోవడం, పైకెక్కడం, కిందికి దిగడం కలిపి ఇంకో అరగంట. దిగే చోట రద్దీ ఉంటే చక్కర్లు కొట్టిస్తారు, అది వేరే.

దుబాయ్ కూడా వైజాగ్‌కి ఇంచుమించు ఇంతే దూరం, 3,000 కి.మీ. కానీ అక్కడ గాలి లెక్క చూసుకోవాలి. చలికాలంలో ఆ ఎత్తున గాలి పడమట నుంచి తూర్పుకి వీస్తుంది. గంటకి 100 కి.మీ. ఎదురుగాలి తగిలితే పోయేటప్పుడు నాలుగున్నర గంటలు దాటుతుంది, వచ్చేటప్పుడు అదే గాలి వెనకనుంచి తోస్తే మూడుముప్పావుకే దిగొచ్చు. అందుకే దుబాయ్ టికెట్‌కి సగం చేసే లెక్క అటూ ఇటూగానే సరిపోతుంది. సింగపూర్ దారి భూమధ్యరేఖ వైపు కాబట్టి అక్కడ గాలి పెద్దగా ఏడిపించదు.

నిజంగా విమానం తప్పేది ఈ లెక్కల్లో కాదు, తేదీ దగ్గర. టికెట్లో 15వ తేదీ 00:20 అని ఉంటే 14 రాత్రికే ఎయిర్‌పోర్టులో ఉండాలి. 15 రాత్రి సూట్‌కేసుతో దిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. పెద్దాయనది రాత్రి 11:00 విమానం కాబట్టి ఆయన కాగితం మీద తేదీ పక్కనే "అదే రోజు రాత్రి" అని ఎర్ర పెన్నుతో రాసిచ్చాను.

తర్వాతి గండం రైలు. బరంపురం నుంచి వైజాగ్ 277 కి.మీ., బాగా నడిస్తే నాలుగు, నాలుగున్నర గంటలు. అంతర్జాతీయ విమానాలకి చెక్-ఇన్ సాధారణంగా గంట ముందే మూసేస్తారు, కాబట్టి మూడు గంటల ముందు చేరడం మేలు. రైలు రెండు గంటలు లేటైనా తట్టుకునేలా చూసి ఎంచుకోవాలి. కొన్ని బళ్ళు వైజాగ్ స్టేషన్‌లోకి రాకుండా సింహాచలం నుంచి దువ్వాడకి పోతాయి. దువ్వాడలో దిగినా పర్వాలేదు, అక్కణ్ణుంచీ ఎయిర్‌పోర్టు దగ్గరే. కాకపోతే అర్ధరాత్రి ఆటో బేరం ముందే మాట్లాడుకోవాలి.