పింఛను పైసలు వేరు, దాచుకున్న పైసలు వేరు

ప్రభుత్వం అప్పుల్లో ఉందన్న మాట వినబడితే మా దేవరకొండలో ముందు టెన్షన్ పడేది పింఛను మీద బతికే ముసలివాళ్లే. "సర్కారు దగ్గర పైసలు లేవంటున్నరు బిడ్డా, బ్యాంకుల నా పైసలు కూడా పోతయా?" అని మా పెద్దమ్మ అడిగింది.

పింఛను బడ్జెట్‌లోంచి వస్తుంది. 2014లో తెలంగాణలో ఆసరా పింఛను నెలకు 1,000 రూపాయలతో మొదలైంది, 2019లో 2,016 చేశారు. అప్పుల మీద వడ్డీ, ఉద్యోగుల జీతాలు పోను మిగిలినదాంట్లోంచే ఇవ్వాలి కాబట్టి, ఖజానా బిగుసుకుంటే ఆలస్యం కావచ్చు. అయినా దాన్ని దుబారా అనేవాళ్లతో నేను ఒప్పుకోను. పెద్దమ్మ బీపీ గోలీలు, పాలప్యాకెట్, కరెంటు బిల్లు అన్నీ అందులోంచే.

డిపాజిట్ సంగతి వేరు. బ్యాంకు మూతపడ్డా ఒక్కో బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల దాకా బీమా ఉంది. 2020కి ముందు అది లక్షే.

నా అసలు భయం నూటికి మూడు రూపాయల వడ్డీ ఇస్తామని ఇంటికొచ్చేవాళ్ల గురించి. అంటే ఏడాదికి 36 శాతం! అంత లాభం నికరంగా వచ్చే వ్యాపారం ఏముంది? అవతలివాడు ఊరు విడిచిపోతే చేతిలో మిగిలేది ప్రామిసరీ నోటే. పత్తి అమ్మిన డబ్బు, బిడ్డ పెళ్లికి దాచిన డబ్బు అలా పోతే మళ్లీ కూడబెట్టే వయసు వాళ్లకు ఎక్కడుంది?

అరవై దాటినవాళ్లకు పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకం ఉంది. వెయ్యి రూపాయలతోనూ తెరవొచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ పడుతుంది. సోమవారం ఆధార్, పాన్ కార్డు పట్టుకుని పెద్దమ్మను తీసుకెళ్తున్నా.