వ్యాయామానికి ముందు తూకం

తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స చేయించుకున్న ఒక పెద్దావిడకు ఫిజియోథెరపిస్టుగా నేను రెండు వారాలపాటు నడక సాధన చేయించాను. మొదటి వారం వాకర్ పట్టుకుని పది అడుగులు వేసిన మనిషి, రెండో వారం వచ్చేసరికి మంచం అంచున కూర్చోవడానికే ఆయాసపడసాగారు. మళ్ళీ పడిపోతాననే భయం పట్టుకుందేమోనని నేను అనుకున్నాను. ఆ అంచనా తప్పు. ఆమె ఏం తింటున్నారో అన్ని రోజుల్లో నేను ఒక్కసారి కూడా అడగలేదు.

అడిగినప్పుడు ఆమె కూతురు దాపరికం లేకుండా చెప్పింది. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం మెత్తగా పిసికిన చారన్నం నాలుగు ముద్దలు, రాత్రికి మళ్ళీ జావ. పప్పు తింటే కుట్ల దగ్గర చీము పడుతుందనీ, గుడ్డు వేడి చేస్తుందనీ చుట్టాలు చెప్పడంతో ఆ రెండూ మానిపించారట. ప్రేమతో పెట్టిన పథ్యమే అయినా, గాయం మానడానికీ కండ పట్టడానికీ కావలసిన మాంసకృత్తులను అదే ఆమెకు దూరం చేసింది.

చక్రాల కుర్చీతో సహా తూచి, కుర్చీ బరువు తీసివేస్తే ఆమె 46 కిలోలు తేలారు. మూడు నెలల క్రితం 52 ఉండేవారు. ఎత్తు 150 సెంటీమీటర్లు కాబట్టి బీఎంఐ, అంటే ఎత్తుకు తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె, 20 దాటే ఉంది. ఆ ఒక్క అంకెనే చూసినవారికి లోపమేమీ కనిపించదు. పోషకాహార లోపం ముప్పును పసిగట్టడానికి బ్రిటన్‌లో రూపొందిన 'మస్ట్' అనే పరీక్ష బీఎంఐతో పాటు, గత మూడు నుంచి ఆరు నెలల్లో తగ్గిన బరువునూ, తీవ్రమైన జబ్బు వల్ల ఐదు రోజులకు మించి ఆహారం అందని స్థితినీ లెక్కలోకి తీసుకుంటుంది. బరువు 10 శాతానికి మించి తగ్గితే ఆ ఒక్కదానికే 2 పాయింట్లు, 2 వచ్చిందంటే ముప్పు ఎక్కువని అర్థం. ఆమె 11 శాతానికి పైగా తగ్గారు.

తూచే వీలు లేని వృద్ధులకు, పోషణను అంచనా వేసే 'ఎంఎన్‌ఏ' అనే మరో పరీక్ష సంక్షిప్త రూపంలో పిక్క చుట్టుకొలత చూస్తారు. అది 31 సెంటీమీటర్లకు తక్కువైతే అనుమానించాలి. అయితే కాళ్ళకు నీరు దిగినవారిలో బరువూ, పిక్క కొలతా రెండూ మనల్ని తప్పుదారి పట్టిస్తాయి. రక్తంలో ఉండే ఆల్బుమిన్ అనే మాంసకృత్తిని బట్టి పోషణను అంచనా వేయడం కూడా సరికాదు, ఇన్ఫెక్షన్ వచ్చినా, శస్త్రచికిత్స జరిగినా అది పడిపోతుంది.

జబ్బుపడిన వృద్ధులకు కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. ఈమె బరువుకు అది 55 నుంచి 69 గ్రాములు. రెండు గ్లాసుల జావా, ఆ నాలుగు ముద్దలూ కలిపినా అందులో మూడో వంతు రావు. డైటీషియన్ వచ్చి మూత్రపిండాల పరీక్షలు చూశాకే పప్పు, గుడ్డు, పాలు క్రమంగా మొదలుపెట్టించారు. పక్షవాతం వచ్చినవారికైతే అంతకంటే ముందు మింగగలుగుతున్నారో లేదో పరీక్షించాలి.

ఇప్పుడు నా దగ్గరికి వచ్చిన ప్రతి రోగినీ మొదటి రోజే, ఆపైన వారానికోసారి తూస్తున్నాను. బరువు తగ్గినట్టు కనిపిస్తే ఆ వారం వ్యాయామం పెంచకుండా డైటీషియన్‌కు కబురు పెడుతున్నాను.