కొత్త ల్యాప్‌టాప్‌కి పాత మానిటర్

కొత్త ల్యాప్‌టాప్ సన్నగా బాగానే ఉంది కానీ పోర్టులే తక్కువ, రెండు యూఎస్‌బీ-సీలు, ఒక హెచ్‌డీఎమ్‌ఐ, అంతే. నా పాత మానిటర్‌దేమో వీజీఏ, అంటే 1987లో వచ్చిన అనలాగ్ పద్ధతి. హెచ్‌డీఎమ్‌ఐ డిజిటల్ కాబట్టి ఉత్త కేబుల్ చాలదు, లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, అదీ హెచ్‌డీఎమ్‌ఐ నుంచి వీజీఏకి వెళ్లేదే కొనాలి. తిరగేసి పెడతామంటే కుదరదు. వీజీఏలో సౌండ్ రాదు, స్పీకర్లు ల్యాప్‌టాప్‌కే పెట్టుకున్నా.

కీబోర్డు, మౌస్ చిన్న అడాప్టర్‌తో వెంటనే పనిచేశాయి. అసలు టెన్షన్ ప్రింటర్‌తోనే: కొత్త విండోస్‌కి దాని డ్రైవర్, అంటే ప్రింటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్, లేదు, కంపెనీ ఎప్పుడో వదిలేసింది (ప్రింటర్ మాత్రం ఇంకా రాయిలా ఉంది). విండోస్‌లోనే ఉన్న, చాలా ప్రింటర్లకి పనికొచ్చే ఓ జనరిక్ డ్రైవర్‌తో ప్రింట్లు వస్తున్నాయి, స్కానర్ మాత్రం పనిచేయట్లేదు. దాని సంగతి వారాంతంలో చూడాలి.