న్యూరోసైకాలజీ పరిశోధనలో నా అనుభవం: పరీక్ష ఎవరికి పెడుతున్నాం?

సైకాలజీలో ఎమ్మెస్సీ చేస్తున్న పిల్లలు ఈమధ్య తరచూ అడుగుతున్నారు, న్యూరోసైకాలజీలోకి (మెదడు పనికీ మన జ్ఞాపకం, ఆలోచన, ప్రవర్తనలకీ ఉన్న సంబంధం చూసే శాస్త్రం) ఎలా వెళ్లాలి, అందులో పరిశోధన అంటే ఏం చేస్తారు అని. మొదటిదానికి జవాబు చిన్నదే. మేం చదివేటప్పుడు ఎమ్మెస్సీ తర్వాత క్లినికల్ సైకాలజీలో రెండేళ్ల ఎం.ఫిల్., ఆపైన ఆర్‌సీఐలో (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్, ఓపికుంటే పీహెచ్‌డీ. ఇప్పుడు కోర్సుల పేర్లు మారుతున్నాయి, చేరేముందు ఆర్‌సీఐ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. రెండో ప్రశ్న కోసమే ఇదంతా రాస్తున్నాను.

ఎం.ఫిల్. బెంగళూరులో చేశాను. అక్కడి మానసిక, నరాల వైద్య సంస్థ నిమ్హాన్స్ వాళ్లు 2004లో తెచ్చిన న్యూరోసైకాలజీ బ్యాటరీ, అంటే పరీక్షల కట్ట, మాకు కంఠతా వచ్చేసేది. పదిహేను మాటల జాబితా చదివి వినిపిస్తాం, గుర్తున్నవి చెప్పమంటాం. అలా అయిదుసార్లు. తర్వాత వేరే పనులు చేయించి, కాసేపయ్యాక మళ్లీ అడుగుతాం. జ్ఞాపకం ఎక్కడ జారిపోతోందో అక్కడ తెలుస్తుంది: అసలు లోపలికి వెళ్లలేదా, వెళ్లి నిలవలేదా, నిలిచినా బయటికి రావట్లేదా. ఈ మూడూ ఒకటి కావు.

మొదట నాకు దొరికింది తల గాయాల వార్డు. ఎక్కువమంది కుర్రాళ్లు, బైకు మీంచి పడ్డవాళ్లు, హెల్మెట్ ట్యాంకు మీదో ఇంట్లోనో పెట్టినవాళ్లు. స్పృహ స్థాయిని 3 నుంచి 15 దాకా కొలిచే గ్లాస్గో స్కేలు 1974లోనే వచ్చింది, అది ఏ క్యాజువాలిటీలోనైనా వేస్తారు. 15కి 15 వచ్చాక ఏం జరుగుతుందన్నది మా పని. ఒకతను పరీక్షలన్నీ బాగానే రాశాడు, సీటీ స్కాన్‌లో కూడా పెద్దగా ఏమీ లేదు. భార్య మాత్రం "మేడమ్, ఈయన మా ఆయన కాదు" అంది. పాల ప్యాకెట్‌కి పంపిస్తే ఎవరితోనో మాటల్లో పడి మధ్యాహ్నం వట్టి చేతులతో వస్తాడు. పిల్ల ఏడిస్తే విసుక్కుంటాడు, ఇంతకుముందు ఎత్తుకుని తిప్పేవాడట. ఇది కొత్త సంగతేం కాదు. షాలిస్, బర్జెస్ అనే ఇద్దరు బ్రిటిష్ పరిశోధకులు 1991లోనే రాశారు: మెదడు ముందు భాగం దెబ్బతిన్నవాళ్లలో కొందరు గదిలో పెట్టిన పరీక్షలో నెగ్గుతారు, బజారుకు పంపి నాలుగు పనులు చేసుకు రమ్మంటే తడబడతారు. అందుకే వాళ్లు పరీక్షను బజారులోనే పెట్టారు. పుస్తకంలో చదివినప్పుడు నాకిది పెద్దగా పట్టలేదు, ఆమె మాట విన్నాకే పట్టింది. అప్పటినుంచీ ఇంట్లోవాళ్లతో మాట్లాడకుండా ఏ రిపోర్టూ రాయలేదు.

పీహెచ్‌డీకి విషయం వెతుక్కుంటుంటే 2013లో హైదరాబాద్ నుంచి సువర్ణ అల్లాడి గారి బృందం పేపరు వచ్చింది. అక్కడి నిమ్స్ ఆసుపత్రికి వచ్చిన 648 మంది డిమెన్షియా (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా తగ్గిపోయే జబ్బు) పేషెంట్లను చూస్తే, రెండు భాషలు మాట్లాడేవాళ్లకు జబ్బు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని తేలింది. చదువురాని వాళ్లలోనూ ఆ తేడా ఉంది. ఆ తర్వాత వేరే దేశాల్లో జరిగిన కొన్ని అధ్యయనాల్లో ఫలితం ఇంత స్పష్టంగా రాలేదనుకోండి. నన్ను పట్టుకున్నది మాత్రం ఆ "చదువురాని వాళ్లు" అన్న భాగమే. ఇలాంటి పరీక్షల్లో చాలావాటికి కాగితం, పెన్సిలు కావాలి. బడి ముఖం చూడని మనిషికి డిమెన్షియా ఉందో లేదో దేనితో తేల్చాలి?

దీనికి ముందే దారి వేసినవాళ్లున్నారు. 1975లో ఫోల్‌స్టీన్ తయారుచేసిన 30 మార్కుల పరీక్షలో "కళ్లు మూసుకోండి" అని రాసి చూపిస్తారు, చదివి ఆ పని చెయ్యాలి. తొంభైలలో హర్యానాలోని బల్లభ్‌గఢ్ పల్లెల కోసం హిందీలోకి మార్చినప్పుడు ఆ కాగితం తీసేశారు. పరీక్ష పెట్టేవాళ్లు తామే కళ్లు మూసి, నేను చేసినట్టు చెయ్యమంటారు. తర్వాత భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) తెలుగుతో కలిపి అయిదు భాషల్లో పరీక్షలు సిద్ధం చేయించింది. అంత పనికి ముందు ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు ఎన్ని మార్కులొస్తాయో తెలియాలి. నా చేతికి వచ్చిన పనిలో ఎక్కువ భాగం అదే.

నల్లగొండ వైపు ఊళ్లలో అరుగుల మీద కూర్చున్నాం. "మంచిగున్నోళ్లకు పరీక్షలేంది" అని నవ్వేవాళ్లు. సంతకం రానివాళ్ల దగ్గర సాక్షి ముందు వేలిముద్ర తీసుకోవాలి. వేలిముద్ర అనగానే సగంమందికి భూమి గుర్తొస్తుంది, లేచి వెళ్లిపోతారు. కూర్చున్నవాళ్లకు ముందు కళ్లజోడుందా, చెవులు వినిపిస్తున్నాయా చూసుకోవాలి. లేకపోతే మనం కొలిచేది చెవుడు. ఇక కోడళ్లు, మనవలు పక్కనుంచి జవాబులు అందిస్తుంటారు. వాళ్లను టీ పెట్టమని లోపలికి పంపడం మా పద్ధతుల పుస్తకంలో లేదు గానీ, బాగా పనిచేస్తుంది.

ఒక అవ్వను ఇయ్యాల తారీఖెంత అని అడిగాను. "తొలేకాశి పోయి నాలుగు దినాలాయె బిడ్డా" అంది. పంచాంగం తీసి చూస్తే సరిగ్గా అంతే. మా కాగితంలో అది సున్నా. ఆ రాత్రి టీమ్‌లో పెద్ద వాదనే జరిగి, తిథి సరిగా చెప్పినా మార్కు ఇవ్వాలని రాసుకున్నాం. ఆమెకే పెన్సిలిచ్చి రెండు అయిదు కోణాల బొమ్మలు చూసి గీయమంటే, దాన్ని గుప్పిట్లో పట్టుకుని కాగితం చింపింది. ఆ మార్కు చూసి జబ్బని రాస్తే తప్పు మనది. ఇంకో ఇంట్లో పాలు పోసే ముసలామె అన్నీ తడుముకోకుండా చెప్పింది. ఆమె కోడలు మాత్రం "మొన్న సంకురాత్రి కాడినుంచి ఒక్కింటికే రెండుసార్లు పోసొస్తుంది" అంది. ఏళ్లతరబడి నోటి లెక్కతో ఖాతా నడిపిన మనిషి! ఆమెను న్యూరాలజిస్టు దగ్గరికి పంపాం. మార్కులు ఆ రోజు సంగతి చెబుతాయి. నిన్నటికీ నేటికీ తేడా చెప్పేది ఇంట్లోవాళ్లే.

ఒక జర్నల్‌కు ఇదంతా రాసి పంపిస్తే, ప్రామాణిక పరీక్ష ఎందుకు వాడలేదని అడిగి తిప్పి పంపారు. కోపం వచ్చిన మాట నిజం. ఇంకోచోట వేసుకున్నారు.

ఇప్పుడు మళ్లీ తల గాయాల వైపు వచ్చాను. తలకు దెబ్బ తగలడం డిమెన్షియా ముప్పు పెంచే కారణాల్లో ఒకటని లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన నిపుణుల కమిషన్ 2020లో జాబితాలో చేర్చింది. మన దగ్గర దాన్ని చూడాలంటే అప్పటి కుర్రాళ్లను ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకోవాలి. అదే తెగట్లేదు. సిమ్ములు మారతాయి, మేస్త్రీ పనికి ముంబై వెళ్లిపోతారు, బస్సు చార్జీలకు ప్రాజెక్టులో డబ్బుండదు. అందుకని ప్రతి ఒక్కరి దగ్గరా అత్తగారి నంబరు కూడా తీసుకుంటున్నాం. ఆమె నంబరు మారదు.

వచ్చినవాళ్లకు మేం ఇవ్వగలిగింది మాత్రలు కాదు. తొంభైలలో ఇంగ్లండ్‌లో బార్బరా విల్సన్ బృందం జ్ఞాపకం దెబ్బతిన్నవాళ్లకు పేజర్లు ఇచ్చి, వేళకు చెయ్యాల్సిన పని గుర్తుచేసేది. మాకు ఫోన్ అలారం చాలు. భార్య గొంతు రికార్డు చేసి పెడతాం: "ఎనిమిదైంది, మాత్ర వేసుకో." అలా పెట్టించుకున్నతను ఒకడు మొన్న వచ్చాడు. మాత్రలు తప్పట్లేదట. పక్కనున్న భార్య ఫిర్యాదు వేరు: ఫోన్లో చెబితే వింటాడు, ఎదురుగా నిలబడి చెబితే వినడు. అది గాయం వల్ల వచ్చిందా అని అడిగాను. "కాదు మేడమ్, అది పెళ్లప్పటినుంచీ ఉంది" అంది. కేస్ షీట్లో ఆ మాట అలాగే రాసుకున్నాను.