గాలిలో వైరస్ దొరికింది సరే, బతికి ఉందా?

గాలి నమూనాకు ఆర్టీ-పీసీఆర్ పాజిటివ్ వస్తే తెలిసేది ఒక్కటే: ఆ వైరస్ ఆర్‌ఎన్‌ఏ అక్కడ ఉంది. నిర్వీర్యమైన వైరస్ ఆర్‌ఎన్‌ఏ కూడా అదే సీటీ విలువ (పరీక్షలో ఎన్నో చక్రానికి ఆర్‌ఎన్‌ఏ కనబడిందో చెప్పే అంకె, తక్కువైతే ఆర్‌ఎన్‌ఏ ఎక్కువ) ఇవ్వగలదు. అంటించే శక్తి ఉందో లేదో తేలాలంటే బతికున్న కణాల మీద పెంచి చూడాల్సిందే. అసలు చిక్కు అంతకు ముందే మొదలవుతుంది: గాలిలో బాగానే ఉన్న వైరస్‌ను చాలాసార్లు దాన్ని పట్టే పరికరం, మన సాంప్లరే దెబ్బతీస్తుంది.

బయోసాంప్లర్‌నే తీసుకోండి. గాలిని సుడి తిరిగే ద్రవంలోకి లాగి పట్టే పరికరం ఇది: 20 మి.లీ. ద్రవం, నిమిషానికి 12.5 లీటర్ల గాలి. ద్రవం సుడి తిరుగుతూ ఆవిరైపోతుంటే లవణాలు చిక్కబడతాయి, నురగ లేస్తుంది, పట్టిన వైరస్‌లో కొంత మళ్లీ గాలితో బయటికి పోతుంది. ప్రొటీన్ కలిపితే వైరస్‌కు రక్షణే కానీ నురగ పెరుగుతుంది. అందుకే ఎక్కువసేపు నడపడం కంటే 20 నిమిషాలకోసారి ద్రవం మార్చడం నయం. సీసాను ముందూ వెనకా తూచండి, ఎంత ద్రవం మిగిలిందో తెలుస్తుంది. ప్రవాహ రేటు కూడా రెండుసార్లూ కొలవాలి.

జెలటిన్ ఫిల్టర్ సన్నని రేణువులను బాగా పడుతుంది. 37 డిగ్రీల మీడియంలో (కణాలను పెంచే ద్రవంలో) కరిగిపోతుంది కాబట్టి వైరస్‌ను ఫిల్టర్ నుంచి విడదీసే బాధ లేదు. కానీ పొడిగాలి ఎక్కువసేపు లాగితే పెళుసెక్కి పగులుతుంది, వైరస్ ఎండిపోతుంది. తేమ మరీ ఎక్కువైతే మెత్తబడి అతుక్కుంటుంది. రేణువుల మీద నీటి ఆవిరిని పేరుకోనిచ్చి, వాటిని పెద్దవి చేసి మెల్లగా ద్రవంలోకి దించే సాంప్లర్లు వైరస్‌ను అన్నిటికన్నా సున్నితంగా పడతాయి. 2020లో ఫ్లోరిడా విశ్వవిద్యాలయ పరిశోధకులు ఆసుపత్రి గది గాలి నుంచి సార్స్-కోవ్-2ను కల్చర్ చేయగలిగింది ఈ పద్ధతితోనే.

నమూనాను ఐసు మీద తెచ్చి అదే రోజు కణాల మీద వేయాలి. కుదరకపోతే మైనస్ 80కి పంపండి. మైనస్ 20లో పెట్టొద్దు. గడ్డకట్టించి కరిగించడం ఒక్కసారికి మించకూడదు.

గాలి నమూనాలో బూజు బీజాలు, బ్యాక్టీరియా ఎలాగూ ఉంటాయి. యాంటీబయాటిక్, యాంటీఫంగల్ రెండూ కలపాలి. ప్రొటీన్ తక్కువగా అంటుకునే 0.45 మైక్రాన్ ఫిల్టర్ వాడొచ్చు, కొంత వైరస్ పోతుందని తెలిసే. ఇన్‌ఫ్లుయెంజాకు ఎమ్‌డీసీకే (కుక్క మూత్రపిండ) కణాలు వాడేటప్పుడు, వాటిని పెంచిన ద్రవంలోని సీరం మిగలకుండా రెండుసార్లు కడగాలి. వైరస్ కణంలోకి చొరబడేలా దాని ప్రొటీన్‌ను కోసిపెట్టే ట్రిప్సిన్ ఎంజైమ్‌ను సీరం అడ్డుకుంటే వైరస్ తర్వాతి కణానికి పాకదు. టీపీసీకే రసాయనంతో శుద్ధి చేసిన ట్రిప్సిన్ మి.లీ.కు 1 మైక్రోగ్రాము చాలు. ఎక్కువైతే కణాల పొర ఊడివస్తుంది, దాన్ని వైరస్ పనే అనుకుంటారు.

24 గంటల్లోపే కణాలన్నీ చచ్చాయంటే ముందు దుమ్ములోని విషాన్ని అనుమానించండి. కొత్త కణాలకు మార్చి చూస్తే విషం పలచబడుతుంది, వైరస్ పెరుగుతుంది. గంట తర్వాత నమూనాను కడిగేసి, ఆ రోజు ద్రవానికీ మూడో రోజు ద్రవానికీ పీసీఆర్ చేస్తే ఇంకా స్పష్టం: సీటీ సుమారు 3.3 తగ్గితే ఆర్‌ఎన్‌ఏ పది రెట్లయినట్టు. పైగా కణాలను చంపింది వెతుకుతున్న వైరసేనా, మరొకటా అన్నదీ తేలుతుంది.

ఇక నెగటివ్ ఫలితం. దీని దగ్గర జరిగే అన్యాయం నాకు బాగా బాధ కలిగిస్తుంది. 20 నిమిషాల్లో 250 లీటర్ల గాలి లాగాం, 15 మి.లీ. మిగిలింది, కణాలు పెంచే పళ్లెంలోని ఆరు గుంటల్లో (వెల్స్) 0.1 మి.లీ. చొప్పున 0.6 మి.లీ. వేశాం. అంటే పరీక్షించింది 4 శాతం, 10 లీటర్ల గాలి మాత్రమే. 95 శాతం నమ్మకంతో పట్టాలంటే ఆ 10 లీటర్లలో సగటున 3 ఇన్ఫెక్షియస్ యూనిట్లు ఉండాలి, అంటే ఘనమీటరుకు 300. సాంప్లర్ చేసిన నష్టం ఇందులో కలపనేలేదు. కాబట్టి రిపోర్టులో ‘వైరస్ లేదు’ అని కాదు, ‘ఘనమీటరుకు 300 కన్నా తక్కువ’ అని రాయాలి. పక్కనే, పంపు నడపకుండా తెచ్చిన ఖాళీ నమూనా ఫలితమూ, తెలిసిన మోతాదు వైరస్‌ను గాలి నమూనా ద్రవంలో కలిపితే కణాల మీద ఎంత తిరిగి దొరికిందో ఆ శాతమూ ఉండాలి.