చీటింగ్ కేసు కట్టించడం: చిత్తూరులో నా అనుభవం

దేవస్థానంలో ఉద్యోగం ఇప్పిస్తానని మా చిన్నాయన దగ్గర డబ్బు తీసుకున్న మనిషి ఉండేది తిరుపతిలో. డబ్బు పోయింది చిత్తూరు నుంచి, ఫోన్‌పేలో. అందుకే స్టేషన్‌లో మొదట వినబడ్డ మాట, "ఇది మా లిమిట్స్ కాదన్నా, తిరుపతికి పొండి." 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173(1) ప్రకారం నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు తీసుకోవాలి. జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధి చూడకుండా కట్టే కేసు) కట్టి సంబంధిత స్టేషన్‌కు పంపే బాధ్యత వాళ్లదే.

ఫిర్యాదు రాయడంలోనే సగం కేసు ఉంది. "డబ్బు తీసుకున్నాడు, తిరిగి ఇవ్వడం లేదు" అని రాస్తే సివిల్ వ్యవహారమని పంపించేస్తారు. తీసుకునేటప్పుడే మోసపు ఉద్దేశం ఉందని కనబడాలి. మా దగ్గరున్న నకిలీ నియామక ఉత్తర్వును ముందు పెట్టాం: అది ఏ తేదీన, ఎవరి చేతికి, ఎంత కట్టాక వచ్చిందో వరసగా రాశాం. ప్రతి చెల్లింపుకూ తేదీ, మొత్తం, యూటీఆర్ నంబరు (బ్యాంకు లావాదేవీ నంబరు) ఇవ్వాలి. బ్యాంకు ముద్ర వేసిన స్టేట్‌మెంట్ జతచేయాలి. వాట్సాప్ చాట్ ప్రింటు తీసినా ఫోను మాత్రం ఫార్మాట్ చేయకూడదు. రేపు కోర్టులో భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద ఎలక్ట్రానిక్ ఆధారానికి ఇచ్చే సర్టిఫికెట్ అడిగినప్పుడు అసలు ఫోనే ఆధారం.

రెండు సెట్లు తీసుకెళ్లి, రెండోదాని మీద తేదీతో ముద్ర వేయించుకోవాలి. స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ "పెట్టిపోన్నా, సార్ చూస్తారు" అన్నా సరే, ముద్ర పడకుండా కదలొద్దు. తర్వాతి మెట్లన్నీ ఆ కాగితం మీదే నిలబడతాయి.

మాకు అసలు చిక్కు వచ్చింది ప్రాథమిక విచారణ దగ్గర. గుర్తించదగిన నేరమైతే (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయగలిగేది) ఎఫ్‌ఐఆర్ కట్టి తీరాలని 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కొన్ని రకాల కేసులకే మినహాయింపు ఇచ్చింది. నాగరిక సురక్షా సంహిత 173(3)లో ఆ తలుపును వెడల్పు చేశారు. మూడేళ్లు, ఆపైన, కానీ ఏడేళ్లకు తక్కువ శిక్ష ఉన్న గుర్తించదగిన నేరాల్లో డీఎస్పీ అనుమతితో ఎఫ్‌ఐఆర్‌కు ముందే విచారణ జరిపి 14 రోజుల్లో ముగించవచ్చు. ఇక్కడ సెక్షన్ గట్టిగా చూసుకోవాలి. నేరాలకు శిక్షలు చెప్పే భారతీయ న్యాయ సంహిత 318(4), అంటే పాత ఐపీసీ 420, ఏడేళ్ల దాకా శిక్ష. కాబట్టి అది ఈ పరిధిలోకి రాదు. నమ్మకద్రోహం 316(2)కు ఐదేళ్లు గనక అది వస్తుంది. మామూలు మోసం 318(2)కు మూడేళ్లు ఉన్నా, అది గుర్తించదగిన నేరమే కాదు. మోసపోయి డబ్బు చేతికిచ్చిన చోట 318(4) వర్తిస్తుందని మేం రాతపూర్వకంగా అడిగాం. మోసం 2024 జూలైకి ముందు జరిగుంటే మాత్రం 420 అనే అడగాలి.

డీఎస్పీ ఇచ్చిన అనుమతి కాపీ ఫిర్యాదుదారుకు ఇవ్వాలని చట్టంలో ఎక్కడా లేదు. ఇది పెద్ద లోపం. విచారణ ఎప్పుడు మొదలైందో తెలియనివాడు 14 రోజులు ఎక్కణ్ణుంచి లెక్కపెట్టాలి? సవరణ అంటూ చేస్తే ముందు ఇది చేయాలి.

స్టేషన్‌లో కదలిక లేకపోతే 173(4) కింద ఎస్పీకి పోస్టులో పంపాలి. సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చినా, పోస్టు రసీదు వేరేగా ఉండాలి, ఎందుకంటే సెక్షన్ చెప్పింది పోస్టు గురించే. అక్కడా కాకపోతే 175(3) కింద మేజిస్ట్రేట్‌కు అఫిడవిట్‌తో దరఖాస్తు. స్టేషన్ ముద్ర, ఎస్పీకి పంపిన రసీదు జతచేయకపోతే అది నిలవడం కష్టం. లాయరు ఖర్చు భరించలేనివాళ్లు న్యాయ సేవాధికార సంస్థను అడగొచ్చు, నంబరు 15100. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితం. మాకు కోర్టు దాకా అవసరం రాలేదు, ఎస్పీకి పంపాక కేసు కట్టారు.

ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. అక్కడే నిలబడి చదవండి: సెక్షన్, మొత్తం, నకిలీ ఉత్తర్వు ప్రస్తావన ఉన్నాయా అని. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోపు చెప్పాలని 193(3) అంటుంది. గడువు దాటితే క్రైం నంబరు వేసి రాతపూర్వకంగా అడగండి, దానికీ ముద్ర వేయించుకోండి.